పేరు పెడితే సరిపోతుందా? మార్లవాయి నుంచి ములుగు దాకా ఒక యూనివర్సిటీ కథ

ఈరోజు వీడియో మా ఊరి నుంచే చేస్తున్నా. వెనకాల కనిపిస్తున్నది పోచారం ప్రాజెక్టు. ఆలేరు వాగు మీద కట్టింది, నిజాం కాలంలో, 1922లో పూర్తయింది. ఎల్లారెడ్డి, మెదక్ వైపు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు అలుగు పారుతుందంటే చాలు, ఇంట్లో చెప్పకుండా వచ్చేసేవాళ్లం. గాలి సౌండ్ కొంచెం వస్తుంది, అడ్జస్ట్ అవ్వండి.

టాపిక్‌లోకి వెళ్లే ముందు ఒక చిన్న ముచ్చట చెప్తా. నాకు ఒక దోస్తు ఉన్నాడు. పేరు చెప్పను, చెప్పొద్దన్నాడు. వాళ్లది మా దగ్గర తండా. ఇద్దరం కలిసే చదువుకున్నాం, ఇద్దరం బీటెక్ చేశాం, ఇద్దరం సాఫ్ట్‌వేర్‌లోకి పోయాం. నేను మధ్యలో మానేసి ఇదిగో ఇలా కెమెరా ముందు కూర్చున్నా, వాడు ఇంకా జాబ్ చేస్తున్నాడు. వాడికి నాలుగేళ్ల పాప. పోయినసారి వాళ్లింటికి పోయినప్పుడు పాప వాళ్ల నాయనమ్మతో వీడియో కాల్ మాట్లాడుతోంది. అంటే నా దోస్తు వాళ్ల యాడి, వాళ్ల భాషలో అమ్మను యాడి అంటారు. ఆమె గోర్ బోలీలో, అంటే లంబాడీ భాషలో, ఏదో చెప్తోంది. పాపకు అర్థం కావట్లేదు. నా దోస్తు పక్కన కూర్చుని ఒక్కో మాట తెలుగులో చెప్తున్నాడు. ఒక మాట దగ్గర ఆగిపోయాడు. వాడికీ తెలియలేదు. ఏదో పురుగు పేరో, గడ్డి పేరో అంట. యాడి నవ్వేసింది. వీడు మాత్రం నవ్వలేదు.

కాల్ అయిపోయాక నాతో అన్నాడు. "హాస్టల్లో చేరిన మొదటి నెల మా భాషలో మాట్లాడితే బెంచీ ఎక్కించేవాళ్లురా. రెండో నెలకు మానేశా. ఇప్పుడు పాపకు నేర్పిద్దామంటే నా దగ్గరే సగం లేదు." ఏ హాస్టలు, ఎవరు ఎక్కించారు అన్నది ఇప్పుడు వదిలేద్దాం. ఇది ఒక్క హాస్టల్ కథ కాదు, మీలో చాలామందికి తెలుసు.

ఆ రాత్రి నాకు ఒక డౌట్ వచ్చింది. చదువు మనకు ఉద్యోగం ఇస్తుంది, నిజమే. కానీ ఇంట్లో ఉన్నది తీసేసుకోకుండా చదువు ఇవ్వలేమా? అసలు ఎవరైనా ట్రై చేశారా? వెతకడం మొదలుపెట్టా. వెతికితే ములుగులో కొత్తగా వచ్చిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం దగ్గర తేలా. అది చిన్న యూనివర్సిటీ. ఇంకా సొంత బిల్డింగులు లేకుండానే మొదలైంది. కానీ దాని వెనకాల ఎనభై ఏళ్ల కథ ఉంది. ఆ కథ ములుగులో మొదలవలేదు, ఆదిలాబాద్ అడవుల్లో మొదలైంది. కాబట్టి ముందు అక్కడికి పోదాం.

1940. జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చి చంపారు. జల్, జంగల్, జమీన్ మీద హక్కు అడిగినందుకు. సినిమాల వల్ల ఆ పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో తక్కువ మందికి తెలుసు. భీమ్ చనిపోయాక నిజాం ప్రభుత్వానికి భయం పట్టుకుంది. అసలు గోండులు ఎందుకు తిరగబడ్డారు, తెలుసుకోవాలి అనుకుంది. ఆ పనికి ఒక తెల్లాయన దొరికాడు. పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడు, మానవ శాస్త్రం చదివినవాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, ఆయన దగ్గరున్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశం మనిషి. అందుకని హైదరాబాద్ రాజ్యం దాటి పోకూడదని కట్టడి చేశారు. అలా ఇక్కడ ఇరుక్కుపోయాడు. ఇరుక్కుపోయిన మనిషి ఏం చేశాడు? భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకుని కూర్చున్నాడు. మార్లవాయి ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, జైనూర్ మండలంలో ఉంది.

ఆయన ప్రభుత్వానికి చెప్పింది సింపుల్. వీళ్లకు కోపం ఊరికే రాలేదు, భూమి పోయింది, రిజర్వు ఫారెస్టు పేరుతో సాగు చేసుకుంటున్న నేల లాక్కున్నారు, పట్టా కాగితం చదవడం రాక వడ్డీ వ్యాపారుల చేతుల్లో మోసపోతున్నారు. కాబట్టి రెండు పనులు చేయాలి. ఒకటి భూమికి పట్టాలు. రెండోది చదువు. పట్టాల విషయంలో లక్ష ఎకరాలకు పైగా గిరిజనుల పేరు మీద ఎక్కింది. చదువు విషయంలో 1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది.

ఇక్కడే నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించిన విషయం. వాళ్లు బడి కట్టేసి, పట్నం నుంచి పంతులును పంపలేదు. ముందు గోండు యువకులకే చదువు నేర్పి, వాళ్లనే టీచర్లుగా తయారు చేశారు. మొదటి వాచకాలు గోండీ భాషలో రాయించారు. అప్పుడు అక్కడి గోండులకు మరాఠీతో ఎక్కువ సంబంధం ఉండేది కాబట్టి దేవనాగరి లిపి వాడారు. పిల్లాడు మొదట తన మాట కాగితం మీద చూస్తాడు, ఆ తర్వాత వేరే భాష నేర్చుకుంటాడు. అదీ లెక్క. సేతుమాధవరావు పగడి అనే అధికారి కూడా ఆ రోజుల్లో గోండీ, కొలామీ నేర్చుకుని, ఆ భాషలకు వ్యాకరణాలు రాశారు. ఒక ఆఫీసరు ప్రజల భాష నేర్చుకున్నాడు. మనకు ఇది కొంచెం వింతగానే ఉంటుంది కదా.

ఇక యూనివర్సిటీ ఎక్కడుంది ఇందులో అంటారా? హైమన్‌డార్ఫ్ తర్వాత ఉస్మానియా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేశాడు. అంటే మన దగ్గర ఒక యూనివర్సిటీకి, గిరిజన గూడేనికి మధ్య దారి అప్పుడే పడింది. మనుషుల ద్వారా పడిన దారి. కాకపోతే ఆ దారి మనుషులు పోగానే గడ్డి మొలిచిపోయింది. ఆయన 1970ల్లో మళ్లీ వచ్చి చూశాడు. ఇచ్చిన భూములు చాలా చోట్ల మళ్లీ బయటివాళ్ల చేతుల్లోకి పోయాయి. 1982లో వచ్చిన పుస్తకంలో ఆ బాధంతా రాశాడు. బడుల్లో గోండీ వాచకాలు కూడా నిలబడలేదు. ఎందుకు? పథకం మంచిదే, కానీ దాని తాళం చెవి గోండుల దగ్గర లేదు. సర్కారు మారింది, ఆఫీసరు మారాడు, ఆగిపోయింది.

అయినా మార్లవాయి వాళ్లు మాత్రం మర్చిపోలేదు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే ఆమె సమాధి మార్లవాయిలో కట్టారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో చనిపోయాడు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే పెట్టారు. ఊళ్లోకి వచ్చి భాష నేర్చుకున్న మనిషిని ఊరు ఎంతకాలం గుర్తుపెట్టుకుంటుందో చూడండి.

సరే, ఇప్పుడు ఒక జంప్. అరవై ఏళ్లు ముందుకు వద్దాం, జిల్లా మాత్రం అదే.

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరు ఉంది. అక్కడి గోండుల ఇళ్లల్లో కొన్ని పాత రాతప్రతులు ఉన్నాయి. తెలుగు కాదు, దేవనాగరి కాదు, ఉర్దూ కాదు. గోండీ భాషను రాయడానికే ఉన్న ప్రత్యేక లిపి. 2006 ప్రాంతంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు, ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు ఆధ్వర్యంలో, వాటిని బయటి లోకానికి పరిచయం చేశారు. పాత రాతప్రతులు సుమారు 1750 నాటివని పరిశోధకులు చెప్పారు. అప్పటికి ఆ లిపి చదవగలిగినవాళ్లు ఊళ్లో కొద్దిమంది పెద్దవాళ్లే.

"కనిపెట్టారు" అని పేపర్లలో రాశారు. నాకు ఆ మాట నచ్చదు. ఊళ్లోవాళ్లు తరతరాలుగా గుడ్డలో చుట్టి దాచుకున్నదాన్ని మనం కనిపెట్టేదేంటి? మనకు తెలియలేదు, అంతే. కానీ ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ సీన్‌లో టీచర్ ఎవరు, స్టూడెంట్ ఎవరు? డిగ్రీ లేని పెద్దాయన టీచరు. యూనివర్సిటీ వాళ్లు నేలమీద కూర్చుని అక్షరాలు దిద్దుకుంటున్నారు. నేను పార్ట్‌నర్‌షిప్ అంటే ఏంటని ఎవరైనా అడిగితే ఆ సీనే చెప్తా. తర్వాత ఉట్నూర్ ఐటీడీఏ సాయంతో ఆ లిపిలో వాచకం వచ్చింది, కొన్ని బడుల్లో పిల్లలకు నేర్పించారు.

ఇప్పుడు నా ఏరియాలోకి వచ్చాం. సాఫ్ట్‌వేర్. లిపి కాగితం మీద ఉంటే సరిపోదు. ఫోన్‌లో ఉండాలి. ఫోన్‌కు "అ" అంటే తెలియదు, నంబర్లే తెలుసు. ప్రపంచంలో ప్రతి అక్షరానికి ఒక నంబరు ఇచ్చే పద్ధతి పేరు యూనికోడ్. నంబరు లేకపోతే ఆ అక్షరాన్ని ఫోటో తీసి పంపుకోవచ్చు కానీ, టైప్ చేయలేం, సెర్చ్ చేయలేం, మెసేజ్ పంపలేం. స్క్రీన్ మీద ఖాళీ డబ్బాలు వస్తాయి. తెలుగుకు ఆ నంబర్లు 1991లో, యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే వచ్చాయి. గుంజాల గోండికి ఎప్పుడొచ్చాయి? 2018 జూన్‌లో, 11వ వెర్షన్‌లో. మొత్తం 63 అక్షరాలు, గుర్తులు. 27 ఏళ్ల తేడా. దానికి ఒక ఏడాది ముందు, 2017లో, మసరం గోండి అనే ఇంకో లిపికి కూడా వచ్చాయి. దాన్ని 1918లో మధ్యప్రదేశ్ బాలాఘాట్ వైపు మున్షీ మంగళ్ సింగ్ మసరం తయారు చేశారు. ఇప్పుడు గూగుల్ నోటో ఫాంట్లలో గుంజాల గోండికి కూడా ఫాంట్ ఉంది, ఫ్రీగానే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో రోజూ యూనికోడ్‌తోనే పని. ఒక్కసారి కూడా అనుకోలేదు, మా రాష్ట్రంలోనే ఒక ఊరి అక్షరాలు ఆ లిస్టులో చేరడానికి అంతకాలం పట్టిందని. 2011 లెక్కల ప్రకారం దేశంలో గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. కానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఆ భాష లేదు. సంతాలీ, బోడో 2003లో చేరాయి. గోండీ చేరలేదు.

మా దోస్తు భాష సంగతి ఇంకా చిత్రం. లంబాడీ మాట్లాడేవాళ్లు 2011 లెక్కల్లో దాదాపు 33 లక్షలు. కానీ జనాభా లెక్కల్లో దాన్ని హిందీ కింద కలిపేసి చూపిస్తారు. యాడి మాట్లాడేది హిందీ అని ఆమెకు చెప్తే ఏమంటుందో నాకు తెలుసు, ఇక్కడ చెప్పలేను.

ఇంకో విషయం. గిరిజనులు అనగానే అందరూ ఒకటే అనుకుంటాం. గోండీ, కోయ, కొలామీ మన తెలుగుకు చుట్టాలు, ద్రావిడ భాషలు. గోండీలో నీళ్లను "ఏర్" అంటారు. మనం "ఏరు" అంటాం కదా, వాగుకు. లంబాడీ మాత్రం రాజస్థానీ వైపు చుట్టం. తెలంగాణలో గిరిజన జనాభా 2011లో దాదాపు 32 లక్షలు, రాష్ట్రంలో 9 శాతం. ఇన్ని జాతులు, ఇన్ని భాషలు. వీళ్లందరికీ కలిపి ఒక్క యూనివర్సిటీ అంటే అది ఎంత పెద్ద పనో ఆలోచించండి.

ఇక ములుగు వచ్చేద్దాం.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌లో ఒక మాట రాశారు. తెలంగాణకు ఒకటి, ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, గిరిజన యూనివర్సిటీలు. దేశంలో అప్పటికే ఒకటి ఉంది, మధ్యప్రదేశ్ అమరకంటక్‌లో ఇందిరా గాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2007 చట్టంతో వచ్చింది. ఆంధ్రకు 2019లో చట్టం పాసయింది. విజయనగరం దగ్గర కొండకరకంలో, ఆంధ్రా యూనివర్సిటీ పాత క్యాంపస్‌లో క్లాసులు మొదలుపెట్టారు. 2023 ఆగస్టులో సొంత క్యాంపస్‌కు శంకుస్థాపన అయింది.

మరి మనది? స్థలం ఆలస్యంగా ఇచ్చారని కేంద్రం, ఇచ్చినా కదల్లేదని రాష్ట్రం. ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ తొమ్మిదేళ్లు గడిచాయి. 2014లో అయిదో తరగతి చదువుతున్న పిల్ల 2023కల్లా డిగ్రీలో ఉంటుంది. ఆ పిల్లకు ఆ యూనివర్సిటీ దొరకలేదు. 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని ప్రకటించారు. మూడు రోజులకు కేంద్ర క్యాబినెట్ 889 కోట్ల చిల్లరకు ఓకే చెప్పింది. డిసెంబర్‌లో పార్లమెంటు బిల్లు పాస్ చేసింది. సమ్మక్క, సారక్క పేర్లు పెట్టారు. కాకతీయుల కాలంలో కప్పం కట్టమన్న రాజు మీద తిరగబడిన తల్లీకూతుళ్లుగా కోయవాళ్లు కొలిచే దేవతలు. మేడారం జాతర ఆ జిల్లాలోనే. పేరు మాత్రం చాలా బరువైన పేరు.

2024–25 విద్యా సంవత్సరంలో క్లాసులు మొదలయ్యాయి. ఎక్కడంటే, ములుగు దగ్గర జాకారంలో, గిరిజన యువతకు శిక్షణ ఇవ్వడానికి కట్టిన భవనంలో. మొదట రెండు డిగ్రీ కోర్సులు, ఇంగ్లీషు, ఎకనామిక్స్. దీనికి అండగా, అంటే మెంటార్‌గా, పెట్టింది ఎవరిని? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని. గుంజాలలో నేలమీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్నారని చెప్పానే, అదే యూనివర్సిటీ. అందుకే నాకు ఆశ ఉంది.

ఇంగ్లీషు, ఎకనామిక్స్‌తో మొదలుపెట్టడం తప్పని నేను అనను. గిరిజన పిల్లలకు ఇంగ్లీషు వద్దు, డోలు కొట్టుకోమని చెప్పే బ్యాచ్ ఒకటి ఉంటుంది, వాళ్ల పిల్లలేమో ఇంటర్నేషనల్ స్కూల్లో ఉంటారు. నేను ఆ బ్యాచ్ కాదు. ఇంగ్లీషు కావాలి, ఉద్యోగం కావాలి. కానీ అవే కోర్సులు భిక్కనూరులో మన తెలంగాణ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ లాంటి చోట కూడా పెట్టుకోవచ్చు. మరి గిరిజన యూనివర్సిటీ అని బోర్డు ఎందుకు? చట్టంలోనే ఉంది, ముఖ్యంగా గిరిజనుల ఉన్నత చదువు కోసం, వాళ్ల కళలు, సంస్కృతి, ఆచారాల మీద పరిశోధన కోసం అని. ఆ రెండో ముక్క ఎవరు చేస్తారు అన్నదే నా ప్రశ్న.

ఇక్కడ నన్ను బాగా ఇబ్బంది పెట్టిన విషయం చెప్తా. మార్లవాయి గుర్తుంది కదా. ఆ ఊరి నుంచే కనకరాజు గారు అని ఒక గుస్సాడీ గురువు వచ్చారు. దండారి పండక్కి నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ఆడతారే, ఆ నాట్యం. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య గారు ఉండేవారు. కోయ డోలి కళాకారుడు. సమ్మక్క సారక్క కథను, కోయ వంశాల కథలను పాడేవారు. 2022లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారక్క పేరు మీద యూనివర్సిటీ, ఆ కథ మొత్తం నోట్లో ఉన్న మనిషి పక్క జిల్లాలో. అంతకంటే పెద్ద ప్రొఫెసర్ ఎవరు దొరుకుతారు?

2024 జూన్‌లో రామచంద్రయ్య గారు చనిపోయారు. అక్టోబర్‌లో కనకరాజు గారు చనిపోయారు. యూనివర్సిటీ క్లాసులు మొదలైన ఏడాదే. తొమ్మిదేళ్ల ఆలస్యం అంటే కాగితం మీద ఒక అంకె. నాకు మాత్రం ఈ ఇద్దరు గుర్తొస్తారు. బిల్డింగ్ లేటైతే తర్వాత కట్టుకోవచ్చు. మనుషులు ఆగరు.

"అన్నా, డిగ్రీ లేకుండా యూనివర్సిటీలో ఎలా పాఠం చెప్తారు" అని కామెంట్ పెట్టబోతున్నారు కదా. చెప్పొచ్చు. 2022లో యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని ఒక పద్ధతి తెచ్చింది. తన రంగంలో కనీసం పదిహేనేళ్ల అనుభవం ఉండి, పేరున్నవాళ్లయితే డిగ్రీ తప్పనిసరి కాదు. మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా అలా తీసుకోవచ్చు. కంపెనీల నుంచి మేనేజర్లను తేవడానికి దీన్ని బాగా వాడుతున్నారు. గూడెం నుంచి ఒక పెద్దాయనను తేవడానికి ఎందుకు వాడకూడదు? రూల్ ఉంది, వాడాలన్న బుద్ధి కావాలి.

బయటి దేశాల్లో ఎలా చేశారో ఒక్కసారి చూద్దాం. అమెరికాలో నవాహో తెగవాళ్లు 1968లో సొంతంగా ఒక కాలేజీ పెట్టుకున్నారు, ఇప్పుడు దాని పేరు డినే కాలేజీ. అమెరికాలో ఒక తెగ తన చేతుల్లో నడుపుకున్న మొదటి కాలేజీ అదే. కెనడాలో రెజైనా నగరంలో ఫస్ట్ నేషన్స్ యూనివర్సిటీ ఉంది. 1976లో సస్కాచెవాన్ రాష్ట్రంలోని మూలవాసుల సంఘం, రెజైనా యూనివర్సిటీతో ఒప్పందం చేసుకుని మొదలుపెట్టింది. డిగ్రీ కాగితం పెద్ద యూనివర్సిటీది. లోపల ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది వీళ్లది. తెగ పెద్దలు క్యాంపస్‌లోనే ఉంటారు, పిల్లలు వాళ్ల దగ్గర కూర్చుంటారు. అంతా బాగుందని చెప్పట్లేదు. 2010లో నిర్వహణలో గొడవల వల్ల ప్రభుత్వాలు ఫండ్స్ ఆపేశాయి. దాదాపు మూతపడే పరిస్థితి. స్టూడెంట్లు, టీచర్లు రోడ్డెక్కారు, పద్ధతులు మార్చుకున్నారు, ఫండ్స్ తిరిగి వచ్చాయి. మనదని అనుకున్నారు కాబట్టి దాని కోసం కొట్లాడారు. మార్లవాయి పథకం ఆగిపోయినప్పుడు తాళం చెవి వాళ్ల దగ్గర లేదన్నాను కదా. తేడా అక్కడే ఉంది.

కాబట్టి నాకు అర్థమైనది ఇది. గిరిజన యూనివర్సిటీ అని పేరు పెట్టడం ఒక పని. గిరిజనులతో కలిసి నడపడం ఇంకో పని. మొదటిది పార్లమెంటు ఒక్క రోజులో చేయగలదు. రెండోది ములుగులోనే, రోజూ, చేయాలి. అది జరుగుతోందా లేదా తెలుసుకోవాలంటే బిల్డింగులు లెక్కపెట్టొద్దు. క్లాసులో కోయ, గోండీ, లంబాడీ వినపడుతున్నాయా చూడండి. చెప్పేవాళ్లలో గూడెం నుంచి, తండా నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో చూడండి. నిర్ణయాలు తీసుకునే కమిటీల్లో వాళ్లు కూర్చుంటున్నారా, లేక సభ అయినప్పుడు డ్యాన్స్ చేయడానికే పిలుస్తున్నారా చూడండి. పరిశోధన కోసం గూడెం నుంచి పాట తీసుకుంటే, ఆ రికార్డింగ్ ఒక కాపీ గూడేనికి తిరిగి వచ్చిందా అడగండి.

ఈ వీడియో చూస్తున్న ఇంటర్ పిల్లలు, డిగ్రీ పిల్లలు ఎవరైనా ఉంటే, ముఖ్యంగా తండాల నుంచి, గూడేల నుంచి, అడ్మిషన్ల సీజన్‌లో ములుగు యూనివర్సిటీ వెబ్‌సైట్ చూడండి. అప్లై చేయండి. కొత్త యూనివర్సిటీలో మొదటి బ్యాచ్‌లకు ఒక అడ్వాంటేజ్ ఉంటుంది. అక్కడ ఏ అలవాటు పడాలో మీరే డిసైడ్ చేస్తారు. మా భాషలో ఒక పేపర్ ఎందుకు లేదు అని మీరు మొదటి ఏడాది అడిగితే ఒక అర్జీ. పదేళ్ల తర్వాత అడిగితే ఒక ఉద్యమం చేయాల్సి వస్తుంది.

మిగతావాళ్లం, నాలాంటి వాళ్లం, ఏం చేయాలి? మన క్లాసులో, మన ఆఫీసులో ఎవరైనా ఇంట్లోవాళ్లతో తమ భాషలో ఫోన్ మాట్లాడుతుంటే నవ్వొద్దు. అది చాలు మొదలుపెట్టడానికి. నేను నవ్వానా చిన్నప్పుడు? నవ్వాను. మా దోస్తు బెంచీ ఎక్కినప్పుడు నవ్విన వాళ్లలో నేనూ ఉన్నా. ఈ వీడియో చేయడానికి అదీ ఒక కారణం.

లాస్ట్‌లో ఒక అప్‌డేట్. నా దోస్తు ఇప్పుడు ఒక పని చేస్తున్నాడు. ప్రతి ఆదివారం యాడికి ఫోన్ చేసి ఒక పది మాటలు అడిగి రికార్డ్ చేసుకుంటున్నాడు. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, వంటల పేర్లు. తెలుగు అక్షరాల్లోనే టైప్ చేసి, పక్కన ఆడియో పెడుతున్నాడు. షీట్ తయారు చేసింది నేనే, ఆ మాత్రం కోడింగ్ ఇంకా గుర్తుంది. ఆ రోజు తెలియని మాట ఉంది కదా, అది మొదటి వరుసలో ఉంది. పురుగు కాదంట, గడ్డి కాదంట. వాన పడే ముందు మబ్బు దిగినప్పుడు తండాలో అనే మాట. పాప ఇప్పుడు మబ్బు కనపడితే చాలు, ఆ మాటే అంటోంది.

ఇక్కడ కూడా మబ్బు పట్టింది, కెమెరా తడవక ముందే ఆపేస్తా. మీ ఇంట్లో, మీ ఊళ్లో మాత్రమే వాడే ఒక మాట కామెంట్లలో రాయండి, అర్థంతో సహా. అన్నీ చదువుతా. మళ్లీ కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.